మా సబ్జా పంటి మీది గీత

దసరా నాడు పూజ అయ్యాక మా ఇంట్లో ఇంకో పని మిగిలి ఉండేది. మా గుర్రం సబ్జాకు నుదుట పసుపు కుంకుమ పెట్టి, మెడలో బంతిపూల దండ వేసి, నానబెట్టిన శనగలు, బెల్లం తినిపించాక నేను దాని ఎడమ పక్కన నిలబడి పై పెదవి ఎత్తేవాణ్ణి. పై దవడలో ముందుపళ్ళ వరుసకు చివరన ఉండే పంటి మీద నిలువుగా ఒక గోధుమరంగు గీత. అది చిగురు దగ్గర్నుంచి ఎక్కడిదాకా దిగిందో చూసి, గోడ క్యాలెండర్ కాగితం వెనక పంటి బొమ్మ గీసి, దాని మీద ఆ గీత గీసి పెట్టేవాణ్ణి. 2010 నుంచి 2019 దాకా పది దసరాలు, పది బొమ్మలు. అవ్వ, అంటే మా అమ్మ, ఆ కాగితాలన్నీ కత్తిరించి ట్రంకుపెట్టెలో దాచింది. మొన్న ఇంటికి సున్నం వేయిస్తుంటే బయటపడ్డాయి. అవి ముందు పెట్టుకుని ఇది రాస్తున్నాను.

మాది మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా, దెగ్లూర్ తాలూకా. రాష్ట్రం గట్టు దాటితే మద్నూర్. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, బేరాల దగ్గర రెండూ కలిసిన హిందీ. బడిలో మరాఠీయే చదివాను. తెలుగు అక్షరాలు మద్నూర్‌లో మా చిన్నమ్మ దగ్గర ఎండాకాలం సెలవుల్లో నేర్చుకున్నవి. మా పని లగ్గాలకు గుర్రాన్ని పంపడం. పెళ్ళికొడుకు ఊరేగింపుకు ఈ పక్క దెగ్లూర్, బిలోలీ, ముఖేడ్, ఆ పక్క మద్నూర్, జుక్కల్, బిచ్కుంద దాకా పోతాం. మా నాన్న, బాపు, మొదలుపెట్టిన పని, ఇప్పుడు నేను, మా తమ్ముడు చూసుకుంటున్నాం.

సబ్జాను కొన్నది 2009 డిసెంబర్‌లో, మాలేగావ్ జాతరలో. నాసిక్ దగ్గరి మాలేగావ్ కాదు, మా జిల్లాలోనే లోహా తాలూకాలోది. మార్గశిర బహుళ చతుర్దశి నుంచి అక్కడ ఖండోబా జాతర. మనకు మల్లన్న ఎలాగో వాళ్ళకు ఖండోబా అలాగ. గుర్రమెక్కిన దేవుడు. భండారా అని పసుపు చల్లుతూ "యెళ్కోట్ యెళ్కోట్ జయ్ మల్హార్" అని జనం అరుస్తుంటే గాలి అంతా పచ్చగా ఉంటుంది. దేవుడిది గుర్రం కాబట్టో ఏమో, ఆ జాతరలో గుర్రాల బజారు పెద్దది. గాడిదలు, ఒంటెలు, ఎద్దులు కూడా వస్తాయి. దానికి రెండు వారాల ముందు, దత్త జయంతికి, నందుర్బార్ జిల్లా సారంగ్‌ఖేడాలో తాపీ ఒడ్డున గుర్రాల జాతర జరుగుతుంది. అక్కడ అమ్ముడుపోని గుర్రాలను కొందరు వ్యాపారులు మా జాతరకు తోలుకొస్తారు.

బాపుకు ఎద్దుల పళ్ళు బాగా తెలుసు. ఎద్దుకు పై దవడలో ముందుపళ్ళు ఉండవు, కింద ఎనిమిదే. పాలపళ్ళు ఊడి రెండేసి పెద్ద పళ్ళు వస్తుంటాయి. రెండు పండ్లది, నాలుగు పండ్లది, ఆరు పండ్లది అని బజార్లో లెక్క. ఎనిమిదీ నిండితే మా దగ్గర మరాఠీ మాటే వాడతారు, జుళ్లేలా అని. బాపు కోడె నోరు తెరిచి ఒక్క చూపులో చెప్పేవాడు. ఊళ్ళో ఎవరు ఎద్దును కొన్నా బాపును వెంట తీసుకుపోయేవాళ్ళు. ఆ నమ్మకంతోనే గుర్రం నోట్లోకీ చూశాడు.

గుర్రానికి పైన ఆరు, కింద ఆరు ముందుపళ్ళు. వ్యాపారి తనే పెదవి తెరిచి, "సాత్ వర్షాంచీ ఆహే, దాత్ బఘా" అన్నాడు. ఏడేళ్ళది, పళ్ళు చూడండి అని. కింది పళ్ళ మీద, అంచు పళ్ళ దగ్గర, నల్లటి గుంటలు కనబడ్డాయి. గుర్రానికి ఆ గుంటలు ఉంటే పడుచుది, పోతే ముసలిది అని బాపు విని ఉన్నాడు. "గుంటలు నల్లగ ఉన్నయ్ రా, ఏడేండ్లే ఉంటది" అని నాతో అన్నాడు. తువాలు కింద చేతులు కలిపి వేళ్ళతో బేరం చేశారు. ముప్పై ఎనిమిది వేలు. అప్పట్లో మాకు అది చాలా పెద్ద డబ్బు. అవ్వ గొలుసు కుదువ పెట్టి తెచ్చింది అందులో సగం.

గుర్రం తెల్లగా, పాలలాగా ఉంది. అదే మమ్మల్ని పట్టేసింది. లగ్గాలకు అందరూ తెల్ల గుర్రమే అడుగుతారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఇది తెలియకే చాలామంది మోసపోతున్నారు. తెల్ల గుర్రాల్లో రెండు రకాలు. నుక్రా అనేది పుట్టుకతోనే తెల్లది, ముట్టె దగ్గర చర్మం గులాబీరంగులో ఉంటుంది. సబ్జా అట్లా కాదు. పుట్టినప్పుడు నల్లగానో ఎర్రగానో ఉంటుంది, ఏటేటా వెంట్రుక తెల్లబడుతూ పోతుంది, కింద చర్మం మాత్రం నల్లదే. నడుమ వయసులో ఒంటి మీద బూడిదరంగు చుక్కలు ఉంటాయి. పూర్తిగా పాలలా తెల్లబడిందంటే ఏళ్ళు గడిచాయని అర్థం. మా సబ్జా ముట్టె నల్లగా ఉంది, ఒంటి మీద ఒక్క బూడిదచుక్క లేదు. నోరు తెరవకముందే ఆ ఒళ్ళు చెప్పింది. మేం వినలేదు.

ఫిబ్రవరి వచ్చేసరికి లగ్గాల సీజన్ మొదలైంది. సబ్జా పనిలో మంచిది. బ్యాండు ఎంత మోగినా, మీద టపాకాయలు పేలినా బెదరదు. పిల్లలు తోక లాగినా ఊరుకుంటుంది. ఆ నిదానం చూసి మేం మురిసిపోయాం. కానీ తిండి ఒంటికి పట్టడం లేదు. జొన్న సొప్ప వేస్తే నమిలినట్టే నమిలి, తడి ఉండలు చేసి కింద వదిలేసేది. పొద్దున లాయం ఊడుస్తుంటే అవ్వకు ఆ ఉండలు గుప్పెళ్ళకొద్దీ దొరికేవి. పేడలో శనగలు శనగల్లాగే పడేవి. పక్కటెముకలు తేలాయి. నాకు టెన్షన్ పట్టుకుంది. అప్పు ఇంకా తీరలేదు, గుర్రం చూస్తే చిక్కిపోతోంది.

ఉద్‌గీర్ నుంచి ఒక డాక్టర్ సాబ్‌ను పిలిపించాం. ఆయన వచ్చి ముందు గుర్రం మెడ మీద చెయ్యి వేసి కాసేపు ఊరికే నిలబడ్డాడు. తర్వాత నోటి పక్కనుంచి, ముందుపళ్ళకు దవడపళ్ళకు మధ్య ఉండే ఖాళీలో బొటనవేలు పెట్టాడు. అక్కడ ముందుపళ్ళు గానీ దవడపళ్ళు గానీ ఉండవు. కళ్ళెం ఇనుము కూర్చునేది అక్కడే. గుర్రం నోరు తెరిచింది. నాలుకను పక్కకు పట్టుకుని, టార్చి వేసి, నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"ఈ గుంట మీద గోరు పెట్టి చూడు" అన్నాడు మరాఠీలో.

పెట్టాను. నున్నగా ఉంది.

"అంచు తగిలిందా?"

తగల్లేదు.

అప్పుడు ఆయన చెప్పింది నేను ఇవాళ్టికీ మాట మాటా చెప్పగలను. గుర్రం ముందుపంటి నడినెత్తిన పుట్టుకతోనే ఒక గొయ్యి ఉంటుంది, గరాటులాగా లోపలికి దిగి. దాని గోడంతా ఎనామెల్, పంటికి ఉండే గట్టి పొర. మేత మడ్డి చేరి ఆ గొయ్యి నల్లబడుతుంది. గుర్రం పన్ను మన పన్నులాగా ఒకసారి వచ్చి ఆగిపోయేది కాదు. వేరు వైపు పొడుగ్గా దాచుకుని ఉంటుంది, ఏడాదికి రెండు మూడు మిల్లీమీటర్లు పైకి వస్తూ ఉంటుంది, అంతే మేర అరుగుతూ ఉంటుంది. అరిగేకొద్దీ గొయ్యి లోతు తగ్గుతుంది. కింది దవడలో నడిమి జతకు ఆరేళ్ళ దగ్గర, దాని పక్క జతకు ఏడేళ్ళ దగ్గర, అంచు జతకు ఎనిమిదేళ్ళ దగ్గర ఆ గొయ్యి పోతుంది. నిజమైన గొయ్యి అయితే దాని చుట్టూ గట్టి ఎనామెల్ కట్ట ఉంగరంలాగా లేచి ఉంటుంది, గోరుకు తగులుతుంది. మా సబ్జా పంటి మీది గుంటకు ఆ కట్ట లేదు. ఎవరో సన్నటి పనిముట్టుతో తొలిచి, వాతపెట్టి నల్లగా చేశారు. ఆ పనికి ఇంగ్లిష్‌లో పేరే ఉందట, బిషపింగ్ అని.

గుంట పక్కనే, పెదవి వైపుకు, గుండ్రటి పసుపుపచ్చ చుక్క చూపించాడు. పన్ను లోపలి నరం గది అరుగుదలకు బయటపడకుండా పన్ను తనే లోపల కొత్త డెంటిన్, అంటే ఎనామెల్ లోపల ఉండే పంటి పదార్థం, పోసుకుంటుంది. అరిగి అరిగి అది పైకి తేలినప్పుడు ఇలా కనిపిస్తుంది. ఎనిమిదేళ్ళప్పుడు నడిమి పళ్ళ మీద సన్నగీతలాగా మొదలై, వయసు పెరిగేకొద్దీ గుండ్రటి చుక్కయి పంటి మధ్యకు జరుగుతుంది. ఏడేళ్ళ గుర్రానికి ఆ చుక్క ఉండదు. మా గుర్రానికి ఆరు కింది పళ్ళ మీదా ఉంది. గుంట ఒక వయసు చెబుతోంది, చుక్క ఇంకో వయసు చెబుతోంది. రెండూ ఒకే నోట్లో నిజం కాలేవు.

ఇంకొంచెం వెనక్కి జరిగి పక్కనుంచి చూడమన్నాడు. పడుచు గుర్రానికి పై పళ్ళు, కింది పళ్ళు గోడ మీద గోడలాగా నిట్టనిలువుగా కలుస్తాయి. ముసలయ్యేకొద్దీ ముందుకు వాలిపోయి, చిలకముక్కులాగా కోణం చేస్తాయి. పంటి నెత్తి ఆకారం కూడా మారుతుంది. మొదట అడ్డంగా కోడిగుడ్డులాగా, తర్వాత గుండ్రంగా, ఆ తర్వాత మూడుమూలలుగా. గుంట తొలిచినవాడు ఈ వాలునూ, ఈ ఆకారాన్నీ మార్చలేడు. చివరకు పై పెదవి ఎత్తి అంచు పంటి మీది గోధుమరంగు గీతను చూపించాడు. దాని పేరు గాల్వేన్ గీత. పందొమ్మిదో శతాబ్దంలో గుర్రాలను మచ్చిక చేయడంలో పేరు పొందిన సిడ్నీ గాల్వేన్ అనే అతని పేరు. పదేళ్ళప్పుడు చిగురు దగ్గర పుడుతుంది, పదిహేనుకు పంటిలో సగందాకా దిగుతుంది, ఇరవైకి పన్ను పొడవునా ఉంటుంది. తర్వాత పై నుంచి మాయమవడం మొదలై ఇరవై ఐదుకు కింది సగంలోనే మిగులుతుంది, ముప్పైకి పూర్తిగా పోతుంది.

మా సబ్జాకు గీత సరిగ్గా సగందాకా ఉంది.

"పదిహేను. అటు ఒకటి, ఇటు ఒకటి" అన్నాడు డాక్టర్ సాబ్.

బాపు ఏమీ మాట్లాడలేదు. పోయి వేపచెట్టు కింద కూర్చున్నాడు. అవ్వ వంటింటి గడప దగ్గరే నిలబడిపోయింది. బాపును అట్లా చూడటం నాకదే మొదటిసారి. ఊళ్ళో అందరి ఎద్దులూ చూసిపెట్టే మనిషి.

డాక్టర్ సాబ్ దవడపళ్ళు కూడా చూశాడు. గుర్రానికి పై దవడ వెడల్పు, కింది దవడ ఇరుకు. అందుకని పై పళ్ళ బయటి అంచు, కింది పళ్ళ లోపలి అంచు అరగకుండా మిగిలి కత్తిలాగా తయారవుతాయి. అవే బుగ్గకు, నాలుకకు గీసుకుంటాయి. నొప్పికి గుర్రం సరిగ్గా నమలలేదు. ఉండలు వదలడం అందుకే. నోటికి ఇనుప చట్రం పెట్టి, పొడవాటి ఆకురాయితో ఆ అంచులు నెమ్మదిగా అరగదీశాడు. అప్పుడొచ్చిన ఎముకపొడి వాసన ఇంకా గుర్తుంది. బుగ్గ లోపల పుండు పడి ఉంది. ఆ పుండుతోనే అది రెండు నెలలు పెళ్ళికొడుకులను మోసింది. నాకు ఇప్పటికీ మనసులో మెలిపెట్టేది డబ్బు సంగతి కాదు, ఆ పుండు.

మా దూరపు బంధువు ఒకాయన వచ్చి సలహా ఇచ్చాడు. వచ్చే ఏడు జాతరలో అట్లనే అమ్మెయ్యండి, గుంటలు ఇంకా ఉన్నయ్ కదా అని. బాపు చాలాసేపు ఆలోచించి అన్న మాట ఒకటే. "నోరు చూసి కొనేటోడు నా లెక్కనే ఇంకొకడు ఉంటడు. వాని పెండ్లాం గూడ గొలుసు కుదువ పెడ్తది." సబ్జా మా దగ్గరే ఉండిపోయింది.

ఆ రోజు నుంచి లెక్కలన్నీ పదిహేనేళ్ళ గుర్రానికి తగ్గట్టు మార్చుకున్నాం. వయసు తెలియడం వల్ల వచ్చేది ఇదే, దీని కోసమే నేను ఇంత చెబుతున్నది. ఏడేళ్ళదనుకున్నప్పుడు వారంలో నాలుగైదు లగ్గాలు. పదిహేనని తెలిశాక రెండే. పాట పెట్టి గుర్రాన్ని వెనక్కాళ్ళ మీద ఆడించమని అడిగితే లేదన్నాం, కొన్ని బేరాలు పోయాయి. సొప్పను చాఫ్‌కట్టర్‌లో సన్నగా కొట్టి నీళ్ళు చల్లి పెట్టేవాళ్ళం. శనగలు పూర్తిగా నానబెట్టి దంచి, గోధుమ పొట్టు కలిపి జావలాగా. ఏడాదికోసారి ఆకురాయి. ఆరు నెలల్లో పక్కటెముకలు కప్పుకున్నాయి. ఆ వయసులో కూడా మెడ విల్లులాగా ఎత్తి నడిచేది. వీధిలో జనం పడుచు గుర్రమనే అనుకునేవాళ్ళు.

ఆ గీతను ఏటేటా చూడాలని నాకు అప్పుడే పట్టుకుంది. డాక్టర్ సాబ్ చెప్పింది నిజమేనా అని నా కళ్ళతో చూడాలి. క్యాలెండర్ కాగితాలు ముందు పెట్టుకున్నాను కదా. 2010 బొమ్మలో గీత సగం దాటి ఒక గోరు మందం. 2012లో ముప్పావు. 2014లో కొస దగ్గరిదాకా. 2015లో మొత్తం పన్ను పొడవునా, పక్కన "నిండింది" అని రాసుకున్నాను. 2016లోనే చిగురు దగ్గర కొద్దిగా తెల్లటి జాగా. గీత నిజానికి చెరగదు, పన్ను కిందికి జరుగుతుంటే దాంతోపాటే దిగిపోతుంది, పైన గీతలేని కొత్త పన్ను వస్తుంది. 2019 బొమ్మలో పై సగం ఖాళీ, కింది సగంలోనే గీత. తొమ్మిదేళ్ళలో ఒక పన్ను నా ముందు ఎట్లా నడిచిపోయిందో ఈ కాగితాల్లో ఉంది. గడియారం ముల్లు కదలడం కంటికి కనబడనట్టే ఇదీ ఏ రోజూ కనబడలేదు.

అన్ని గుర్రాలకూ ఇంత సరిగ్గా కుదురుతుందని నేను చెప్పను. ఆ తర్వాత ప్రతి ఏడూ మాలేగావ్‌లో దొరికిన నోరల్లా తెరిచి చూశాను, అమ్మేవాళ్ళు తిట్టేదాకా. వయసు తెలిసిన గుర్రాల్లో కూడా గీత ముందూ వెనకా కావడం చూశాను. పదేళ్ళు దాటాక ఏ లెక్కయినా అటు ఇటుగానే ఉంటుంది. అరబ్ గుర్రాల పళ్ళు నిదానంగా అరుగుతాయి, బెల్జియం బరువు గుర్రాలవి త్వరగా అరుగుతాయి. ఇసుకనేల మీద మేసేవాటి పన్ను తొందరగా పోతుంది. లాయంలో కట్టేసి ఉంచితే తోచక గాడి కర్ర కొరికే గుర్రాలుంటాయి, వాటి ముందుపళ్ళు ఏటవాలుగా తెగినట్టు ఉంటాయి. వాటికి ఏ లెక్కా పనిచేయదు. అందుకే ఒక్క గుర్తును నమ్మొద్దు. గుంట, చుక్క, వాలు, ఆకారం, గీత, కళ్ళ మీది పల్లం, తోక కింద సబ్జాలకు ముసలితనంలో వచ్చే నల్ల గడ్డలు, అన్నీ కలిపి చూడాలి. అవన్నీ ఒకే మాట చెబితేనే నమ్మాలి.

ఐదేళ్ళలోపు మాత్రం పన్ను చాలావరకు నిజమే చెబుతుంది. అక్కడ అరుగుదల లెక్క కాదు, ఏ పన్ను ఊడింది, ఏది మొలిచింది అన్నదే. పిల్ల పుట్టిన వారానికి నడిమి పాలపళ్ళు, నెలన్నరకు వాటి పక్కవి, ఆరు నెలలకు అంచువి వస్తాయి. రెండున్నరేళ్ళకు నడిమి జత ఊడి పెద్ద పళ్ళు మొలుస్తాయి, మూడున్నరకు పక్క జత, నాలుగున్నరకు అంచు జత. మొలిచిన ఆరు నెలలకు పైవీ కిందివీ ఒకదానికొకటి అందుకుంటాయి. కాబట్టి మూడు, నాలుగు, ఐదు. ఐదుకు నోరు నిండుతుంది. మగ గుర్రాలకు నాలుగు, ఐదేళ్ళ మధ్య, కళ్ళెం కూర్చునే ఆ ఖాళీలో కోరపళ్ళు కూడా వస్తాయి, ఆడవాటికి చాలావరకు రావు. పాలపన్ను చిన్నది, తెల్లది, చిగురు దగ్గర నడుము సన్నం. పెద్దపన్ను వెడల్పు, పసుపు, మీద నిలువు చారలు. ఇది తెలియకపోతే నిండు పాలపళ్ళున్న రెండేళ్ళ పిల్లను ఐదేళ్ళ గుర్రమనుకునే ప్రమాదం ఉంది.

ఈ మూడు, నాలుగు, ఐదు లెక్క ఎంత పాతదో మా మేనమామ వల్ల తెలిసింది. ఆయన పంచాంగం చూసే మనిషి, జుక్కల్ దగ్గర ఉంటాడు. 2013లో సబ్జాను చూడ్డానికి వచ్చినప్పుడు నా బొమ్మలు చూసి, ఇంటికి పోయి బృహత్సంహిత పట్టుకొచ్చాడు. ఆరో శతాబ్దంలో ఉజ్జయిని వరాహమిహిరుడు రాసింది. అందులో గుర్రాల అధ్యాయంలో ఒక శ్లోకమంతా పళ్ళ గురించే. తెల్లటి ఆరు పళ్ళుంటే పిల్ల, అవి కషాయరంగుకు తిరిగితే రెండేళ్ళు. నడిమివి, మధ్యవి, అంచువి వరసగా పడి మళ్ళీ మొలిస్తే మూడు, నాలుగు, ఐదేళ్ళు. ఆ తర్వాత మూడేసి ఏళ్ళకు ఒక రంగు: నలుపు, పసుపు, తెలుపు, గాజురంగు, తేనెరంగు, శంఖం రంగు. ఆపైన పళ్ళకు గుంటలు, కదలడం, ఊడడం. మామయ్య చదువుతుంటే నేను వేళ్ళ మీద లెక్కపెట్టాను. ఐదుకు తొమ్మిది మూళ్ళు కలిపితే ముప్పై రెండు. గుర్రం నిండు ఆయుష్షు అంతే. రంగుల సంగతి నేను గుర్రాల్లో పోల్చుకోలేకపోయాను, కానీ మూడు, నాలుగు, ఐదు మాత్రం డాక్టర్ సాబ్ చెప్పిందే. పదిహేను వందల ఏళ్ళ కింద కూడా ఎవరో నాలాగే గుర్రం పక్కన నిలబడి పెదవి ఎత్తి చూశారని తెలిస్తే ఒళ్ళు పులకరించింది. బాపు కూడా ఆ రోజు చాలా సంతోషపడ్డాడు. "శ్లోకం మల్లొకసారి సదువు బావా" అని రెండుసార్లు చదివించుకున్నాడు.

సబ్జా 2020 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు పోయింది. రాత్రి జావ తాగింది, తెల్లారేసరికి పడుకుని ఉంది. మా చేను గట్టు మీదే పూడ్చాం. ఆ ఏడు దసరాకు క్యాలెండర్ వెనక ఏమీ గీయలేదు.

పోయిన డిసెంబర్ జాతర సంగతి చెప్పి ఆపేస్తాను. బిలోలీ వైపు పిల్లవాడు ఒకడు, ఇరవై రెండేళ్ళుంటాయి, కుమ్మైత్ మగ గుర్రాన్ని బేరం చేస్తున్నాడు. ఎర్రటి ఒళ్ళు, నల్లటి జూలు, చూడ్డానికి ఎంతో బాగుంది. ఐదేళ్ళదని వ్యాపారి మాట. మాట వరసకు నన్ను అడిగాడు, "అన్నా, జర చూడరాదే" అని. చూశాను. నడిమివి, పక్కవి పెద్దపళ్ళే, పైవీ కిందివీ అందుకున్నాయి కూడా. అంచువి మాత్రం పాలపళ్ళే, తెల్లగా, చిన్నగా, నడుము సన్నగా. కోరపళ్ళ జాడ లేదు. నాలుగు నిండింది, నాలుగున్నర కాలేదు.

ఇక్కడ మోసం మాకు జరిగినదానికి తిరగబడ్డ మోసం. గుర్రం రేపటి నుంచే పనికి వస్తుందని చెప్పడానికి వయసు పెంచి చెబుతారు. కొందరు ఇంకా ఘోరం చేస్తారు, పాలపళ్ళు ముందే పీకేసి పెద్దపళ్ళు తొందరగా పైకి వచ్చేలా చూస్తారు. చిగురు చీలి ఉండటం నేను రెండుచోట్ల చూశాను. ఎముక ముదరకముందు మనుషులను ఎక్కించి, బ్యాండు ముందు గంటలు గంటలు నిలబెట్టి, ఆడిస్తే ఆ కాళ్ళు పదేళ్ళకే పోతాయి.

ఆ పిల్లవానితో పక్కకు పోయి చెప్పాను. "తమ్మీ, గుర్రం మంచిదే. కొను. కానీ ఈ సీజన్ల లగ్గాలకు తోల్కపోకు. అంచు పండ్లు రానీ." వాడికి అప్పు ఉంది, ముఖం వాడిపోయింది. నాకు మా బాపు వేపచెట్టు కింద కూర్చోవడం గుర్తొచ్చింది. ఈ వేసవికి మా గుర్రాల్లో ఒకదాన్ని వాడి బేరాలకు ఇస్తానని, కిరాయి సగం సగం అని ఒప్పుకున్నాం. వ్యాపారి నా వైపు చూసి ఏదో గొణిగాడు. నేను పట్టించుకోలేదు. గుర్రం ధర మాత్రం కొంచెం తగ్గించాడు.

అప్పటి నుంచి ఆ తమ్ముడు నెలకోసారి వాట్సాప్‌లో గుర్రం నోటి ఫోటో పంపుతాడు. ఫ్లాష్ వేసి తీయడం, పక్కనుంచి ఒకటి, ముందునుంచి ఒకటి తీయడం మా అమ్మాయి వాడికి నేర్పింది. మొన్న శ్రావణంలో వచ్చిన ఫోటోలో కింది అంచు పాలపన్ను ఒకటి లేదు, ఆ జాగాలో చిగురు చీల్చుకుని పసుపుపచ్చటి కొస కనబడుతోంది. ఖాళీలో ఒకవైపు కోరపన్ను మొన తేలింది. కింద రాశాడు, "అన్నా వచ్చినయ్! ఇగ ఎక్కొచ్చా?"

పైవీ కిందివీ అందుకోనీ, అప్పుడు చూద్దాం అని రాశాను. దసరాకు గుర్రాన్ని తీసుకుని మా ఇంటికి రమ్మన్నాను. ఇంట్లో కొత్త క్యాలెండర్ ఉంది.